భారత నౌకాదళ ఆచారాలు, హోదాలు, సంప్రదాయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు చేర్చి నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూసి బయటికి వచ్చే పిల్లలూ, కొత్తగా నౌకాదళంలో చేరిన కొడుకో కూతురో ఫోనులో చెప్పే మాటలు అంతుపట్టని తల్లిదండ్రులూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. బయటివారికి ఉత్త ఆర్భాటంగా కనిపించే నౌకాదళ ఆచారాల్లో చాలావాటి వెనుక ఒకప్పుడు ఓడ మీద తప్పనిసరైన అవసరం ఏదో ఒకటి ఉండేది. ఆ అవసరం తెలిస్తే ఆచారం దానంతట అదే గుర్తుండిపోతుంది కాబట్టి, జవాబుల్లో వీలైనంతవరకు దానిని కూడా చెప్పే ప్రయత్నం చేశాను.

అధికారుల హోదాలు ఏ వరుసలో ఉంటాయి?

శిక్షణ ముగించుకున్న అధికారి సబ్ లెఫ్టినెంట్‌గా మొదలై, లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, కెప్టెన్, కమొడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, అడ్మిరల్ అనే వరుసలో పైకి వెళ్తారు. నౌకాదళాధిపతిది అడ్మిరల్ హోదా. విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు వైస్ అడ్మిరల్ అధిపతిగా ఉంటారు. నౌకాదళాధిపతికి మొదటినుంచీ అడ్మిరల్ హోదా ఉండేది కాదు. 1958లో ఆ పదవి చేపట్టిన తొలి భారతీయుడు రామదాస్ కటారి వైస్ అడ్మిరల్‌గానే పనిచేశారు. 1968లో అధర్ కుమార్ ఛటర్జీ మన దేశంలో పూర్తి అడ్మిరల్ హోదా పొందిన మొదటి అధికారి అయ్యారు.

భుజాల మీది బంగారు గీతలను ఎలా లెక్కపెట్టాలి?

సబ్ లెఫ్టినెంట్‌కు ఒకటి, లెఫ్టినెంట్‌కు రెండు, కమాండర్‌కు మూడు, కెప్టెన్‌కు నాలుగు గీతలు ఉంటాయి. లెఫ్టినెంట్ కమాండర్‌కు రెండు మామూలు గీతల నడుమ ఒక సన్నని గీత ఉంటుంది. దూరం నుంచి చూసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అన్నిటికన్నా పై గీత చిన్న ఉంగరంలా మెలి తిరిగి ఉండటం నౌకాదళపు గుర్తు. కమొడోర్ నుంచి పై హోదాలను నక్షత్రాలతో లెక్కించడం తేలిక: కమొడోర్‌కు ఒకటి, రియర్ అడ్మిరల్‌కు రెండు, వైస్ అడ్మిరల్‌కు మూడు, అడ్మిరల్‌కు నాలుగు.

అడ్మిరల్ స్థాయి అధికారుల భుజపట్టీలు 2023 డిసెంబరులో మారాయి. శివాజీ రాజముద్రను తలపించే అష్టకోణం, అడ్డంగా పెట్టిన భారతీయ ఖడ్గం, దుర్భిణి వాటిలో కనిపిస్తాయి. హోదాల పేర్లను కూడా భారతీయ సంప్రదాయానికి తగినట్టు మారుస్తామని ప్రధానమంత్రి అదే నెల 4వ తేదీన సింధుదుర్గ్‌లో ప్రకటించారు. ఈ జవాబుల్లో మాత్రం అందరికీ తెలిసిన పేర్లనే వాడాను.

సైన్యంలో కెప్టెన్, నౌకాదళంలో కెప్టెన్ సమానమేనా?

సమానం కాదు, పైగా తేడా చాలా పెద్దది. నౌకాదళంలోని కెప్టెన్ సైన్యంలోని కల్నల్‌తో సమానం. సైన్యంలోని కెప్టెన్‌కు సరితూగేది నౌకాదళ లెఫ్టినెంట్ మాత్రమే. పెళ్లి సంబంధాల మాటల్లో సైతం ఈ పొరపాటు దొర్లుతుంటుంది కనుక గుర్తుపెట్టుకోవడం మంచిది.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఓడను నడిపించే బాధ్యత ఎవరిదైతే వారిని, అసలు హోదా ఏదైనా సరే, ఆ ఓడ మీద కెప్టెన్ అనే పిలుస్తారు. ఐఎన్ఎస్ (ఇండియన్ నేవల్ షిప్, అంటే భారత నౌకాదళ ఓడ) ట్రింకాట్ బాధ్యతలు స్వీకరించి యుద్ధనౌకకు నాయకత్వం వహించిన తొలి మహిళగా పేరొందిన ప్రేరణా దేవ్‌స్థలీ అప్పటికి లెఫ్టినెంట్ కమాండర్. హోదా చొక్కా మీద ఉంటుంది, కెప్టెన్ అనే పిలుపు ఓడను బట్టి వస్తుంది.

నావికుల హోదాలు ఏమిటి?

సీమన్ రెండో తరగతి, సీమన్ మొదటి తరగతి, లీడింగ్ సీమన్, పెటీ ఆఫీసర్, చీఫ్ పెటీ ఆఫీసర్, ఆపైన మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్ రెండో తరగతి, మొదటి తరగతి. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చాక కొత్తవారు అగ్నివీర్లుగా చేరి, ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో తొలి శిక్షణ పొందుతున్నారు. 2023 మార్చిలో అక్కడ శిక్షణ ముగించుకున్న మొదటి దళంలో అమ్మాయిలు కూడా ఉన్నారు. లీడింగ్ సీమన్ చేతి మీద ఒక లంగరు, పెటీ ఆఫీసర్ చేతి మీద ఒకదానికొకటి అడ్డంగా రెండు లంగర్లు కనిపిస్తాయి. పెటీ ఆఫీసర్ అన్న పేరు విని చిన్న ఉద్యోగమని అనుకోకండి. యంత్రం ఎందుకు మొరాయించిందో, తాడు ఎక్కడ తెగబోతుందో ముందుగా పసిగట్టేది ఏళ్ల తరబడి సముద్రం మీద గడిపిన ఈ పెద్దలే, కొత్తగా వచ్చిన యువ అధికారులు ఓడ పనిలో సగం వారి దగ్గరే నేర్చుకుంటారు.

మా అబ్బాయి మర్చంట్ నేవీలో ఉన్నాడు. అదీ నౌకాదళమేనా?

కాదు. మర్చంట్ నేవీ అంటే సరుకులు, చమురు రవాణా చేసే వాణిజ్య నౌకల రంగం. అందులో పనిచేసేవారు కంపెనీల ఉద్యోగులు, సాయుధ దళాల సభ్యులు కారు. అక్కడ కూడా భుజాల మీద గీతలుంటాయి, ఓడ పెద్దను కెప్టెన్ అనే అంటారు, అందువల్లే ఈ అయోమయం. ఇక తీర రక్షక దళం రక్షణ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే సాయుధ దళమే అయినా నౌకాదళంలో భాగం కాదు. అక్కడి అధికారుల హోదాలు అసిస్టెంట్ కమాండెంట్, డిప్యూటీ కమాండెంట్, కమాండెంట్ అని సాగుతాయి.

ఐఎన్ఎస్ సర్కార్స్ అనే ఓడ విశాఖలో ఎక్కడుంది?

అది ఓడ కాదు, ఒడ్డున ఉన్న స్థావరం. నేల మీది స్థావరాలకు కూడా ఓడలకు పెట్టినట్టే పేరు పెట్టి, ముందు ఐఎన్ఎస్ అని చేర్చడం బ్రిటిష్ నౌకాదళం నుంచి వచ్చిన పద్ధతి. స్థావరంలో పనిచేసేవారు కూడా ఓడ సిబ్బందిగానే లెక్క, బయటికి వెళ్లడాన్ని కూడా ఒడ్డుకు వెళ్లడమనే అంటారు. విశాఖ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి: విమాన కేంద్రం ఐఎన్ఎస్ డేగా, జలాంతర్గాముల స్థావరం ఐఎన్ఎస్ వీరబాహు, జలాంతర్గామి శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ శాతవాహన, భీమునిపట్నం దగ్గర ఐఎన్ఎస్ కళింగ. ఈ పేర్లలో తెలుగు నేల చరిత్ర నిలిచి ఉండటం నాకెంతో ఇష్టం. సర్కార్స్ అన్నది ఉత్తర సర్కారుల నుంచి వచ్చింది, శాతవాహనుల సంగతి చెప్పనక్కరలేదు.

ఓడలకు పేర్లు ఎలా పెడతారు?

ఓడ రకాన్ని బట్టి పేరు వస్తుంది. డిస్ట్రాయర్లనే పెద్ద యుద్ధనౌకలకు ఎక్కువగా నగరాల పేర్లు పెడతారు. 2021 నవంబరు 21న సేవలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం ఆ కోవలోదే. ఫ్రిగేట్లనే మధ్యతరహా యుద్ధనౌకలకు కొండల, నదుల పేర్లు వచ్చాయి. ఐఎన్ఎస్ గోదావరి 1983 నుంచి 2015 వరకు సేవ చేసింది. ఖుక్రీ, కిర్పాణ్ వంటి చిన్న యుద్ధనౌకలకు ఆయుధాల పేర్లు పెట్టారు. ఓడ సేవ ముగించినా పేరు ముగియదు, కొన్నాళ్లకు కొత్త ఓడకు వస్తుంది. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇందులో వింతేమీ ఉండదు. 1961లో సేవలో చేరి 1997లో విరమించిన విక్రాంత్ పేరే కాక, దాని ఆర్ 11 అనే గుర్తింపు సంఖ్య కూడా 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలో చేరిన కొత్త విక్రాంత్‌కు దక్కింది.

నౌకాదళం వారు సెల్యూట్ చేసేటప్పుడు అరచేతిని ఎందుకు కిందికి తిప్పుతారు?

సైన్యంలో అరచేయి ఎదుటివారికి పూర్తిగా కనిపించేలా సెల్యూట్ చేస్తారు. నౌకాదళంలో అరచేయి నేలవైపు తిరిగి ఉంటుంది. తెరచాప ఓడల కాలంలో తాళ్లు ఉప్పునీటికి కుళ్లిపోకుండా తారు పూసేవారని, రోజంతా ఆ తాళ్లు లాగిన నావికుడి అరచేయి నల్లగా మారేదని, మురికి చేతిని పై అధికారికి చూపడం అమర్యాదగా తోచి ఈ పద్ధతి ఏర్పడిందని నావికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తల మీద టోపీ లేనప్పుడు చేతితో సెల్యూట్ చేయరు, నిటారుగా నిలబడి గౌరవం చూపుతారు. ఇంటి దగ్గర మామూలు దుస్తుల్లో ఉన్న కుర్రాడిని సెల్యూట్ చేసి చూపించమని బంధువులు బలవంతపెడితే అతడు ఇబ్బందిపడేది ఇందుకే.

పెద్ద అధికారి ఓడ ఎక్కేటప్పుడు ఈల ఎందుకు ఊదుతారు?

ఆ ఈలను బోసన్ కాల్ అంటారు. మన తీరంలో పడవ మీద సరంగు చేసే పని ఎలాంటిదో, యుద్ధనౌకలో తాళ్లు, లంగర్లు, పడవలు చూసుకునే బోసన్ పని అలాంటిది. గాలి హోరులో, అలల చప్పుడులో మనిషి గొంతు పది అడుగులు కూడా వినపడదు, సన్నని ఈల మాత్రం తెరచాప కొయ్య కొన దాకా వినిపిస్తుంది. అందుకే లాగు, ఆపు, వదులు అన్న ఆజ్ఞలన్నిటికీ వేర్వేరు ఈలలు ఉండేవి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు మరో ఓడ నుంచి వచ్చిన అధికారిని తాడుకు కట్టిన కుర్చీలో కూర్చోబెట్టి పైకి లాగేవారు. లాగేవారికి ఈలతోనే సూచనలు అందేవి. కుర్చీ పోయింది, మెట్లు వచ్చాయి, ఈల మాత్రం గౌరవసూచకంగా మిగిలింది. పక్కన వరుసగా నిలబడే నావికులు ఒకనాడు ఆ తాడు లాగినవారి వారసులన్నమాట.

నౌకాదళ పతాకం ఎన్నిసార్లు మారింది?

స్వాతంత్ర్యం తరవాత కూడా చాలాకాలం తెల్లని పతాకం మీద బ్రిటిష్ వారసత్వంగా వచ్చిన ఎర్రని సెయింట్ జార్జ్ శిలువ ఉండేది. ఒక మూలన మాత్రం మన త్రివర్ణ పతాకం చేరింది. 2001లో శిలువను తీసేసి నీలిరంగు నౌకాదళ చిహ్నాన్ని ఉంచారు. అయితే ఆ నీలం సముద్రంలోనూ ఆకాశంలోనూ కలిసిపోయి దూరం నుంచి సరిగా ఆనడం లేదన్న ఫిర్యాదు వచ్చింది. 2004లో శిలువ తిరిగి వచ్చింది, దాని నడుమ జాతీయ చిహ్నం చేరింది. 2014లో సత్యమేవ జయతే అన్న మాట కలిసింది. 2022 సెప్టెంబరు 2న విక్రాంత్ సేవలో చేరిన రోజునే శిలువ శాశ్వతంగా తొలగింది. ప్రస్తుత పతాకంలో త్రివర్ణం ఒక మూలన, శివాజీ రాజముద్ర స్ఫూర్తితో గీసిన బంగారు అంచుల నీలి అష్టకోణం మరోపక్క ఉన్నాయి. ఎనిమిది కోణాలు ఎనిమిది దిక్కులకు గుర్తు. అష్టకోణం లోపల లంగరు మీద నిలిచిన జాతీయ చిహ్నాన్ని చూడవచ్చు.

రేవులో ఉన్న ఓడ మీద ఉదయం 8 గంటలకు ఈ పతాకాన్ని ఎగరేసి, సూర్యాస్తమయానికి దించుతారు.

శం నో వరుణః అంటే ఏమిటి?

వరుణుడు మాకు శుభం కలిగించుగాక అని అర్థం. తైత్తిరీయోపనిషత్తు శాంతి మంత్రంలోని శం నో మిత్రః శం వరుణః అన్న పలుకులు మన ఇళ్లలో చాలామందికి కంఠస్థమే, అక్కడి నుంచి తీసుకున్న మాట ఇది. ఆయుధాలు ధరించిన దళం తన నినాదంలో శత్రు సంహారం ఊసెత్తకుండా నీటి దేవుడి దయను కోరడం నాకు అర్థవంతంగా తోస్తుంది. సముద్రం మీద మొదట గెలవవలసింది సముద్రాన్నే కదా.

ఓడలో గంట కొట్టే లెక్క ఏమిటి? ఎనిమిది గంటలంటే ఉదయం ఎనిమిదా?

కాదు. ఓడలో కాపలా పనిని నాలుగేసి గంటల వంతులుగా పంచుతారు. వంతు మొదలైన అరగంటకు ఒక దెబ్బ, గంటకు రెండు, గంటన్నరకు మూడు, అలా నాలుగు గంటలు నిండేసరికి ఎనిమిది దెబ్బలు పడతాయి. దెబ్బలను జంటలుగా కొడతారు కాబట్టి చెవికి లెక్క తేలిక. చేతి గడియారాలు లేని కాలంలో అరగంటకోసారి ఇసుక గడియారం తిప్పి గంట కొట్టేవారు.

మన పాత లెక్కలో జాము అంటే మూడు గంటలు, రోజుకు ఎనిమిది జాములు. ఓడలో నాలుగు గంటల లెక్కన ఆరు వంతులే రావాలి. అలా వదిలేస్తే ఒకే జట్టుకు రోజూ అర్ధరాత్రి వంతే పడుతుంది. అందుకని సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్న వంతును రెండు ముక్కలు చేసి డాగ్ వాచ్‌లన్నారు. దీనితో రోజుకు ఏడు వంతులై, ప్రతి జట్టు వంతూ రోజు రోజుకూ మారుతుంది, అందరికీ రాత్రి భోజనానికి వ్యవధి దొరుకుతుంది. అర్ధరాత్రి 12 నుంచి 4 వరకు మేలుకునే బాధను సమంగా పంచిన ఈ చిన్న ఏర్పాటు కన్నా తెలివైన ఆచారం నౌకాదళంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

గంటకు ఇన్ని నాట్లు అనడం సరైనదేనా?

సరైనది కాదు. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు వేగం, అంటే గంటకు 1,852 మీటర్లు. ఓడ వేగం 20 నాట్లు అంటే చాలు. సమాన దూరాల్లో ముడులు వేసిన తాడును నీటిలోకి వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కించేవారు, ఆ ముడే నాట్. ఓడలో కుడి, ఎడమ అనకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే: మనిషి వెనక్కి తిరిగితే అతడి కుడి ఎడమలు తారుమారవుతాయి, ఓడ పక్కలు మారవు. అందుకే ముక్కు వైపు చూస్తే కుడిపక్కను స్టార్‌బోర్డ్, ఎడమపక్కను పోర్ట్ అంటారు. రాత్రివేళ స్టార్‌బోర్డ్ మీద ఆకుపచ్చ దీపం, పోర్ట్ మీద ఎర్ర దీపం వెలుగుతాయి.

కొత్త ఓడకు కొబ్బరికాయ కొడతారా?

కొడతారు. పాశ్చాత్య దేశాల్లో ఓడను నీటిలోకి దించేటప్పుడు షాంపేన్ సీసా పగలగొడితే, ఇక్కడ కొబ్బరికాయ కొడతారు. ఈ పని మహిళ చేతుల మీదుగా జరగడం సంప్రదాయం. కొత్త పడవకు పసుపు కుంకుమలు పూసి గంగమ్మకు మొక్కనిదే మన మత్స్యకారులు వేటకు వెళ్లరు, రెండింటి వెనుక ఉన్న భయభక్తులు ఒక్కటే. నీటిలోకి దిగిన ఓడ పరీక్షలన్నీ నెగ్గాకే సేవలో చేరుతుంది.

సేవ విరమించే రోజు సూర్యాస్తమయ వేళ పతాకాన్ని చివరిసారి దించుతారు. 2022 డిసెంబరు 23న విశాఖలో ఐఎన్ఎస్ ఖుక్రీకి అలాగే వీడ్కోలు పలికారు.

భూమధ్యరేఖ దాటేటప్పుడు వేడుక చేస్తారంటారు, నిజమేనా?

నిజమే. మొదటిసారి భూమధ్యరేఖ దాటుతున్న నావికుడిని సముద్రదేవుడి వేషం కట్టిన సహచరుల కొలువు ముందు నిలబెట్టి, ఆటపట్టించి, అనుభవం గల నావికుల వరుసలో చేర్చుకుంటారు. నెలల తరబడి నీళ్లు తప్ప ఏమీ కనిపించని ప్రయాణంలో మనసులు తేలికపడటానికి పుట్టిన వేడుక ఇది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చిన ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద ఆరుగురు మహిళా అధికారులు భూప్రదక్షిణ చేస్తూ భూమధ్యరేఖను రెండుసార్లు దాటారు. వారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి.

ఓడ మునిగితే కెప్టెన్ కూడా మునిగిపోవాలన్న నియమం ఉందా?

అలాంటి నియమం లేదు. తన సిబ్బంది అందరూ సురక్షితంగా బయటపడ్డాకే ఓడ వదలాలన్నది కెప్టెన్ బాధ్యత. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో మొదటి ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా వీలైనంతమందిని బయటికి పంపి, తన లైఫ్ జాకెట్‌ను మరొకరికి ఇచ్చేసి, ఓడతోపాటే వెళ్లిపోయారు. ఆయనతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు అర్పించారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. పై జవాబులో విశాఖలో వీడ్కోలు అందుకున్న ఖుక్రీ, ఆ పేరు మోసిన రెండో ఓడ.

డిసెంబరు 4నే నౌకాదళ దినోత్సవం ఎందుకు?

1971 డిసెంబరు 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ రేవు దాకా వెళ్లి పాకిస్థాన్ ఓడలను ముంచి తిరిగి వచ్చాయి. ఆ విజయానికి గుర్తుగా ఈ రోజును జరుపుకుంటారు. విశాఖ వాసులకు ఈ తేదీతో మరో బంధం ఉంది: పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముంగిట మునిగిపోయింది ఆ ముందు రాత్రే. బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం వద్ద అధికారులు ఏటా పుష్పగుచ్ఛాలు ఉంచుతారు.

గడ్డం పెంచుకోవచ్చా? మెస్‌లో కుర్తా వేసుకోవచ్చా?

అనుమతి తీసుకుని నిండుగా గడ్డం పెంచుకోవచ్చు. 2024 నుంచి మెస్‌లలో కుర్తా పైజామా, దాని మీద చేతుల్లేని కోటు ధరించడానికి అనుమతించారు. అధికారులు చేతికర్ర పట్టుకునే వలస పాలన నాటి పద్ధతిని 2023 జులైలో మానేశారు.

యుద్ధనౌకను చూడటానికి వెళ్లినప్పుడు మేం ఎలా నడుచుకోవాలి?

ఓడ ఎక్కగానే నావికులు వెనుక భాగంలోని క్వార్టర్‌డెక్ వైపు సెల్యూట్ చేస్తారు. సందర్శకులు సెల్యూట్ చేయనక్కరలేదు, దారికి అడ్డం లేకుండా పక్కకు నిలబడితే చాలు. పతాకాన్ని ఎగరేసేటప్పుడు, దించేటప్పుడు మాత్రం ఎక్కడివారు అక్కడే ఆగి, అటువైపు తిరిగి కదలకుండా నిలబడాలి. ఎత్తు మడమల చెప్పులు ఇంట్లో వదిలేసి రండి, ఉక్కు మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. కురుసుర లోపల ఒక గది నుంచి మరో గదికి వెళ్లే ద్వారం గుండ్రటి కన్నంలా ఉంటుంది. ముందు ఒక కాలు అవతల పెట్టి, తల బాగా వంచి, ఆ తరవాత రెండో కాలు లాక్కోవాలి. పసిపిల్లలను ఎత్తుకుని దాటే ప్రయత్నం చేయకుండా అవతల ఉన్నవారికి అందించండి. ఓడల్లో కిందికి దిగేటప్పుడు మెట్ల వైపే ముఖం పెట్టి, ఒక చేయి ఎప్పుడూ రైలింగు మీదే ఉంచి, వెనక్కి నెమ్మదిగా దిగండి.